పద్నాలుగు స్విచ్చుల బల్ల

బడి నుంచి వచ్చి చెప్పులు విప్పబోతూ పరిమళ గుమ్మంలోనే ఆగిపోయింది. ముందుగదంతా రంపపు పొట్టు. కుట్టుమిషను గోడవారన గోనెసంచి మీద పక్కకు పడుకోబెట్టి ఉంది. దాని బల్ల గది మధ్యకు వచ్చింది. పైచెక్క మీద వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల కన్నాలు... పద్నాలుగు కన్నాలు! అది అమ్మ బల్ల. నాన్న పోయాక పెదబొడ్డేపల్లిలో ఇరవై రెండేళ్ళు బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టి, తనను టీచరు ట్రైనింగు చదివించిన అమ్మ మోచేతులు ఆనించుకున్న బల్ల. దాని మీద గీత పడితే తన గుండె మీద పడినట్టు చూసుకునేది పరిమళ.

బల్ల వెనక కుర్చీలో ఆమె భర్త బెన్హర్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో రంగురంగుల తీగల చుట్ట. తలెత్తి ఆమెను చూశాడు.

అది 2006 ఆగస్టు నెల. బెన్హర్ నర్సీపట్నం బస్టాండు దగ్గర తన రేడియో, టీవీ రిపేరు షాపు మూసేసి అప్పటికి పది నెలలయింది. అంతకుముందు పదిహేనేళ్ళు ఎయిర్‌ఫోర్సులో పనిచేసి వచ్చినవాడు. విమానాల్లో పైలట్ల ముందుండే స్విచ్చులూ మీటర్ల ముళ్ళూ బాగుచేయడమే అక్కడ ఆయన పని. పదిహేనేళ్ళలో వేల స్విచ్చులు విప్పి బిగించాడే గాని, ఒక్కసారైనా నడిపే సీట్లో కూర్చుని గాల్లోకి లేవలేదు. ఆ కోరిక తీర్చుకోవడానికి కంప్యూటరులో విమానం నడిపే ఆట ఒకటి తెచ్చుకున్నాడు. తెర మీద విమానం లోపలంతా అచ్చు నిజంలాగే కనిపిస్తుంది. కీబోర్డు మీద అక్షరాలు నొక్కితే ఇంజను రాజుకుంటుంది, చక్రాలు ముడుచుకుంటాయి. కాని ఆయనకు ఆ నొక్కుడు తృప్తినివ్వలేదు. స్విచ్చి అంటే వేలి కింద టక్కుమని పడాలి అనేవాడు. పాత కీబోర్డు విప్పి, లోపలి సర్క్యూట్ అట్టను తీసి, దానికి తీగలు అతికి, ఆ తీగలను నిజమైన స్విచ్చులకు కలిపి పెట్టెలు తయారుచేయడం మొదలుపెట్టాడు. స్విచ్చి వేస్తే చాలు, కంప్యూటరు అక్షరం నొక్కారనుకుంటుంది. ఒక పెట్టె అయింది, రెండయ్యాయి, ఇది మూడోది.

షాపు ఎందుకు మూశావని అడిగిన వాళ్ళందరికీ ఈ కాలంలో రేడియోలు ఎవరు వింటున్నారని నవ్వేసేవాడు. ఆయన అక్క సుజిత చర్చి మెట్ల మీద అందరూ వింటుండగానే, మావోడికి మతి సెడిపోనాది పరిమళా, నువ్వే ఎలాగో భరించుకో అని కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు పరిమళకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. పొద్దున్న ఆరింటి బస్సెక్కి ఏజెన్సీ కొండల్లో బడికి పోవడం, సాయంత్రం వచ్చి వండి వార్చడం, ఈ మనిషేమో బొమ్మలాటలో కూర్చోవడం... ఎన్నాళ్ళని? పిల్లలు లేని ఇంట్లో భర్తే పిల్లాడయిపోయాడని ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ సాయంత్రం ఇన్నాళ్ళ ఓర్పూ తెగిపోయింది. ఆమె అరవలేదు. బల్ల దగ్గరికొచ్చి, ఒక కన్నంలో వేలుపెట్టి, నెమ్మదిగానే అంది.

"దేవుడు రెండు చేతులిచ్చాడు కదండీ. ఆ చేతుల్తో పదిమందికి పనికొచ్చారు. ఇప్పుడదే చేతుల్తో మా అమ్మ బల్ల కోసేరు. ఇలాటి చేతులు ఉంటే ఎంత, లేకపోతే ఎంత?"

బెన్హర్ తన చేతుల వంక చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"నిజవే పరిమళా," అన్నాడు.

రెండో శనివారం బడి లేదు. బీరువా పక్కన గుడ్డసంచిలో లక్క పూసిన చెక్క నాబ్‌లు కనిపించాయి, ఎర్రవీ పచ్చవీ పసుపువీ. స్విచ్చులకు తొడిగే ఈ నాబ్‌లను ఏటికొప్పాకలో దేవుళ్లు అనే బొమ్మల పనివాడి చేత చేయించుకుంటున్నాడని ఆమెకు తెలుసు. వీటిని అతని ముఖాన కొట్టి, ఇక మా ఆయనకు ఏమీ చేసివ్వొద్దని చెప్పి రావాలనుకుంది. యలమంచిలి బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటో పట్టుకుని వెళ్ళింది.

దేవుళ్లు అరుగు మీద చక్రం తిప్పుతూ లక్క పట్టిస్తున్నాడు. ఆమె ఎవరో తెలియగానే లేచి పీట వేశాడు. పరిమళ సంచి కింద పెట్టి, చెప్పదలుచుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.  అతను లోపలికి వెళ్ళి, మాదిరికని దాచుకున్న పాత నాబ్‌లు తెచ్చి ఆమె ముందు వరసగా పెట్టాడు. మొదటివి శనగగింజంత. తరవాతవి కుంకుడుకాయంత. ఇప్పుడు సంచిలో ఉన్నవి నిమ్మకాయంత.

"ఇంత లావెందుకు బాబూ, పిల్లల బొమ్మలకి గానీ అని అడిగినానమ్మా," అన్నాడు దేవుళ్లు. "అప్పుడు నా సేతిలో సెయ్యి ఎట్టి, గట్టిగా పిండతన్నాను, సూడు దేవుళ్లూ అన్నారు. పసిపిల్ల పట్టుకున్నట్టే ఉందమ్మా. బొటనేలి కాడ కండ కరిగిపోనాది. సన్నయ్యి పట్టు సిక్కట్నేదు, అందుకే లావు సెయ్యమన్నారు. ఇంట్లో తెలీదు, సెప్పకన్నారు. నానే సెప్పేసినాను."

పరిమళకు ఆ తరవాత అతను ఏమన్నాడో వినపడలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది గాని బయట ఏమీ కనపడలేదు. తను చూసి కూడా చూడనివన్నీ ఒకటొకటే కళ్ళముందుకు వచ్చాయి. చొక్కాలు మానేసి ఎప్పుడూ బనియనుతోనే ఉండటం... గుండీలు పెట్టుకోలేకనా? అన్నం చెమ్చాతో తినడం, టీ గ్లాసు రెండు చేతులతో ఎత్తడం, స్కూటరు తీయమంటే పెట్రోలు లేదనడం, ప్రార్థనలో పాటల పుస్తకం పట్టుకోకుండా ఒళ్ళో పెట్టుకోవడం... అన్నీ తనకు బద్ధకంగానే కనిపించాయి. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన చేతులు ఎప్పుడు సన్నబడ్డాయో తనకు తెలియలేదు. ఎక్కడో ఊళ్ళో బొమ్మలు చేసుకునే మనిషికి తెలిసింది!

ఇంటికి రాగానే ఆయన పక్కన కూర్చుని కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. బొటనవేలి మొదట్లో గుంట పడి ఉంది. బెన్హర్ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. లాక్కునే బలం ఆ చేతికి లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

ఆయన అప్పుడు చెప్పాడు. స్విచ్చులు కొనుక్కొస్తానని విశాఖపట్నం వెళ్ళిన రోజుల్లో డాక్టర్లకు చూపించుకున్నాడట. చేతుల నిండా సూదులు గుచ్చి పరీక్ష చేశారట. కండకు కబురు అందించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి, మందు లేదు, చేతుల తరవాత కాళ్ళు, కాళ్ళ తరవాత మాట అన్నారట. స్క్రూడ్రైవరు జారిపోవడం మొదలయ్యాకే షాపు మూశాడు. జబ్బని తెలిసి అప్పటికి పదకొండు నెలలు.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది పరిమళ. 

"మీ అమ్మకి బాగోలేనప్పుడు ఉన్న ఉద్యోగం మానేసి మంచం పక్కన కూసున్నావు. గుర్తుందా? ఈ ఉద్యోగం రావడానికి మళ్ళీ ఆరేళ్ళు పట్టింది. ఇది పర్మనెంటు అవకముందు జబ్బని తెలిస్తే నువ్వు బస్సెక్కవు. పిచ్చనుకుంటే కోపం వస్తాది. కోపంలో మనిషి పన్లోకెళ్ళిపోతాడు." బల్ల వైపు చూసి, సిగ్గుపడుతున్నట్టు అన్నాడు. "ఆ బల్ల... మిగతా బల్లలు ఎత్తు, వాటి మీదికి నా చెయ్యి లేవట్లేదు. అత్తగారు మోచేతులు ఆనించిన చోట ఆనిస్తే వేళ్ళు ఇంకా ఆడతన్నాయి. అడిగితే ఎందుకంటావు. అందుకే అడక్కుండా, పక్కింటి కుర్రాణ్ణి సాయం పెట్టుకుని కోసేను."

పరిమళ ఆ చేతిని కళ్ళకు హత్తుకుని ఏడ్చింది. ఆ రోజు తను అన్న మాట నోట్లోంచి రాలిపోయిన మాట. దాన్ని ఏరుకోవడం ఎవరి తరం?  ఆయన ఎడమ చెయ్యి కష్టం మీద ఎత్తి ఆమె తల మీద పెట్టాడు. అది నిలవక భుజం మీదికి జారింది. ఆమె పట్టుకుని మళ్ళీ తల మీద పెట్టుకుంది.

తరవాత ఆమె చేయనిది లేదు. పెద్ద డాక్టర్లను చూసింది. ఏజెన్సీలో ఆకుపసరు ఇచ్చేవాళ్ళ గుమ్మాలు తొక్కింది. ఉపవాస ప్రార్థనలు చేసింది. సుజిత చర్చి మెట్ల మీద అన్న మాటకు తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుని గుండెలు బాదుకుంది. ఏదీ ఆగలేదు. తమలపాకులా ఉండే ఆ చెయ్యి నెలనెలకూ ఎండిన ఆకయింది. పరిమళ సెలవు పెడతానంటే బెన్హర్ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అందుకని పొద్దున్న వదినను ఇంట్లో ఉంచి బస్సెక్కేది. బస్సు కొండెక్కుతుంటే కిటికీ వైపు తిరిగి ఏడ్చి, దిగేముందు కొంగుతో ముఖం తుడుచుకుని, పిల్లలకు ఎక్కాలు చెప్పేది. జనవరిలో ఉద్యోగం పర్మనెంటు చేసిన ఉత్తర్వు వచ్చింది. ఆయన దాన్ని చదివించుకుని విన్నాడు. సంతకం పెట్టిన అధికారి పేరుతో సహా మళ్ళీ చదవమన్నాడు.

బల్ల పని సగంలో ఉంది. ఇక ఆయన తీగ అతకలేడు. ఒక ఆదివారం పరిమళే తీగలు అతికే సాల్డరింగ్ ఐరన్ వేడి పెట్టింది. ముందు తీగను వేడి చెయ్యాలి, అతుకు వేసే సీసాన్ని కాదు అని ఆయన చెబుతుంటే అతికింది. వేలు కాలింది. మొదటి అతుకు బంకమట్టి ఉండలా ఉంది. ఆయన దాన్ని చూసి నవ్వితే, ఎన్ని నెలలకో విన్న ఆ నవ్వు కోసం రెండోది కూడా అలాగే అతికింది. మూడు ఆదివారాలకు పద్నాలుగు స్విచ్చులూ బిగిశాయి. నిమ్మకాయంత నాబ్‌లు కూడా ఆయన వేళ్ళకు అందకపోతే, దేవుళ్లు తనే వచ్చి, మణికట్టుతో తోస్తే పడేలా పొడుగు పిడులు చేసి తొడిగి వెళ్ళాడు. అవీ నాలుగు నెలలే పనికొచ్చాయి. ఆ పైన స్విచ్చులు వేసే చెయ్యి పరిమళదే అయింది. ఆయన కుర్చీలో దిండ్ల మధ్య ఆనుకుని చెప్పేవాడు. మూడోది వెయ్యి, ఇప్పుడు తొమ్మిది, ముల్లు పైకి లేచిందా, బేగి రెండోది తియ్యి అని. ఆమె వేసేది. నడిపే కర్ర వెనక్కి లాగితే విమానం లేచేది.

దింపడం మాత్రం ఆమెకు రాలేదు. ఎన్నిసార్లు చెప్పినా నేల దగ్గరయ్యేసరికి కర్ర ఎక్కువ ముందుకు తోసి, విమానాన్ని నేలకు గుద్దేసేది. పోనీలే, వచ్చేవారం నేర్పుతానని ఆయన అనేవాడు. ఆ వారాలు గడిచేలోపే మాట ముద్దయింది. 2008 ఈస్టరు నాటికి పరిమళకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. వర్షాలు మొదలయ్యేసరికి ఆమెకూ అర్థం కాలేదు. అవునంటే కళ్ళు ఒకసారి మూసేవాడు. కాదంటే రెండుసార్లు.

జూలైలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి, ఆయనకు జావ పట్టి, మూతి తుడిచి, విమానం ఎక్కుదామా అని అడిగింది. కళ్ళు ఒకసారి మూసుకున్నాయి. కుర్చీని బల్ల దగ్గరికి జరిపి, ఆయన మోచేతులు రెండూ ఎత్తి అమ్మ ఆనించుకున్న చోట ఆనించింది. ఎవరూ చెప్పకుండానే వరస తప్పకుండా స్విచ్చులు వేసింది. విశాఖ రన్‌వే వదిలి విమానం లేచింది. సముద్రాన్ని వెనక్కి తిప్పి కొండల వైపు పట్టించింది. చాలాసేపటికి కింద పచ్చదనం, దూరంగా నీలం రంగు కొండలు వచ్చాయి. కంప్యూటరులో నర్సీపట్నం లేదు. ఇళ్ళు లేవు, బస్టాండు లేదు, చర్చి లేదు. ఉత్త పచ్చదనం.

"మనూరు ఇక్కడేనాండీ?" అని అడిగింది.

ఒకసారి మూశాడు. ఆయన కళ్ళ చివర నుంచి నీళ్ళు జారాయి. ఆమె కొంగుతో ఒత్తింది.

దింపాలంటే ఎటు తిప్పాలో ఆమెకు తెలియదు. ఆయనకు తెలుసు, చెప్పలేడు. పరిమళ నడిపే కర్ర మీంచి చెయ్యి తీసేసింది. ఇంధనం ఉన్నంతసేపు అది తిన్నగా పోతుందని ఆయనే ఎప్పుడో చెప్పాడు.

"నాకు దింపడం రాదండీ," అంది. "ఇలాగే ఉండనిద్దాం. సరేనా?"

ఆయన ఆమెను చూశాడు. కళ్ళు ఒకసారి మూసుకుని, తెరుచుకున్నాయి. పరిమళ కుర్చీ దగ్గరికి జరుపుకుని, బల్ల మీది ఆయన చేతి మీద తన చెయ్యి వేసి, పక్కన కూర్చుంది.