మాస్టారు అడిగిన పాట

ఆ ఉదయం పటమటలోని ఆ ఇంట్లో కుక్కర్ కంటే ముందు ఫోను కూసింది. వినీల ఇడ్లీ పిండి గరిటె ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను ఎత్తింది. అవతల సుస్మిత. వినీల పనిచేసే పునరావాస కేంద్రంలోనే పనిచేస్తున్న అమ్మాయి. రామకోటేశ్వరరావు మాస్టారి సంస్మరణ సభ ఆ సాయంత్రమే. ఏర్పాట్లన్నీ సుస్మిత నెత్తిన వేసుకుంది. హాలు, మైకు, ఫొటోకి దండ అన్నీ ఏకరువు పెట్టి, చివరికి అసలు సంగతికి వచ్చింది.

"అక్కా, మీ మావయ్యగారిని తప్పకుండా తీసుకురండి. హాస్పిటల్లో చివరిసారి చూసినప్పుడు కూడా మాస్టారు ఆయన గురించే చెప్పారు. మా వినీల వాళ్ల మామగారికి పాటతో మాట తెప్పించింది అని. ఆయన స్టేజీ మీద ఒక్క లైను అందుకుంటే చాలండి, అంతకంటే మాస్టారికి మనం ఇచ్చేదేముంది."

వినీల "చూస్తాలేమ్మా" అని ఫోను పెట్టేసింది. ఇడ్లీ పిండి పొయ్యి గట్టు మీద కారుతున్నా చూసుకోలేదు. ఎందుకంటే మామగారు ఇశ్రాయేలు గారికి మాట రాలేదు. ఒక్క మాట కూడా.

ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టిన మేస్త్రి. వయసు మళ్లాక చర్చిలో సంఘ పెద్ద అయ్యారు. పోయినేడు వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చేతినీ మాటనీ తీసుకుపోయింది. ఎవరేమన్నా అర్థమవుతుంది, కళ్లతో నవ్వుతారు, నోరు మాత్రం ఆయన చెప్పినట్టు వినదు. కోడలేమో మాట పోయినవాళ్ల చేత పాడించి మాట్లాడించే మ్యూజిక్ థెరపిస్టు. కేంద్రానికి వచ్చేవాళ్లంతా ఆమెకు చేతులెత్తి దణ్ణం పెడతారు. ఇంట్లో ఈగల మోత, వీధిలో పల్లకీ మోత అంటే ఇదే మరి.

ఆ విద్య నేర్పింది మాస్టారే. చల్లపల్లి మనిషి. చాలాకాలం వయొలిన్ పాఠాలు చెప్పుకున్నారు. భార్యకు మాట పడిపోయినప్పుడు, మాటలు పోయిన ఆవిడ నోట పాట మాత్రం రావడం చూసి, ఆ దారినే పట్టుకుని చదివి, తిరిగి, నేర్చుకుని కేంద్రంలో ఓ చిన్న గదితో మొదలుపెట్టారు. ఫిజియోథెరపీ చదివి, ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించుకునే వినీలను ఆ గదిలోకి పిలిచింది ఆయనే.

ఆయన పద్ధతి ఒకటుంది. రోగి వచ్చీ రాగానే వయొలిన్ తీసేవారు కాదు. ముందు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, ఈ మనిషి ఒక్కరే ఉన్నప్పుడు ఏం కూనిరాగం తీసేవారని అడిగేవారు. జవాబు దొరికేదాకా వదిలేవారు కాదు. బందరు నుంచి వచ్చిన ఒకావిడకు పాటలే రావని కొడుకులు తేల్చేశారు. మీ అమ్మ వీధిలో చేపలమ్మా అని ఎలా కేకేసేదో అనండి చూద్దాం అన్నారు మాస్టారు. ఆ కేకతోనే ఆవిడకు మాట మొదలైంది. దొరికిన పాటను ఆయన రోగి ఎడమ చేతి మీద తడుతూ పాడి, లైను చివరి మాట అనకుండా ఆగేవారు. ఎంతసేపైనా ఆగేవారు. "పాట మన దగ్గర ఉండదమ్మా, వాళ్ల దగ్గరే ఉంటుంది. మనం అడగడానికి వెళతాం అంతే" అనేవారు.

ఇవన్నీ తెలిసిన వినీల ఇంట్లో ఏం చేసింది? పొద్దున్నే మామగారి మంచం పక్క ఒక స్పీకరు పెట్టి, కీర్తనలు వేసి డ్యూటీకి వెళ్లిపోయేది. సంఘ పెద్దకు కీర్తనలు కాక ఇంకేం కావాలి అనుకుంది. రోజంతా పాడి అలిసిన గొంతుతో ఇంటికొచ్చి, మళ్లీ పాడే ఓపిక లేక రేపు చూద్దాంలే అనుకునేది. మాస్టారు కనిపించినప్పుడల్లా మీ మామగారి పాట దొరికిందా అని అడిగేవారు. లేదని చెప్పీ చెప్పీ మొహం చెల్లక, ఒకరోజు దొరికింది సార్, చివరి మాట అందుకుంటున్నారు అనేసింది. ఆయన ఎంత సంబరపడ్డారంటే, బందరు లడ్డూలు తెప్పించి కేంద్రంలో అందరికీ పంచారు. వినీల కూడా ఒకటి తిన్నది. తినకపోతే బాగుండదని తిన్నది.

ఇప్పుడు ఆ లడ్డూ తిన్నవాళ్లంతా సాయంత్రం సభలో ఉంటారు.

టిఫిన్ దగ్గర భర్త జాన్ పాల్‌తో సంగతి చెప్పింది, అబద్ధం భాగం మింగేసి. నాన్నను అంతమందిలోకి ఎందుకు అని అతను ఒకసారి గొణిగాడు. భార్యతో వాదించడం కంటే బెంజిసర్కిల్ ట్రాఫిక్‌లో ఇరుక్కోవడమే సుఖమని అతని అనుభవం. నాలుగింటికి కారు తెస్తానని చెప్పి, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు తెరవడానికి వెళ్లిపోయాడు.

వినీల సెలవు పెట్టింది. మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా పీట వేసుకుంది. ఒకవేళ స్టేజీ ఎక్కనంటే కనీసం వీడియో అయినా చూపించవచ్చని కూతురు జెస్సికాను ఫోను పట్టుకుని నిలబడమంది. మామగారి ఎడమ చేయి తన చేతిలోకి తీసుకుని, తడుతూ కీర్తన ఎత్తుకుంది. లైను చివర "ప్రభువా" దగ్గర ఆగింది.

ఆయన ఆమె మొహంలోకి చూశారు. పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు.

మళ్లీ పాడింది. మళ్లీ. ఆగవలసినంతసేపు ఆగడానికి ఆమెకు ఆ రోజు తీరిక లేదు. మాట తానే అందిస్తూ, అనండి మావయ్యా, ప్ర, ప్ర, అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. మధ్యాహ్నం అయ్యేసరికి తట్టడం కాస్తా చరచడంలోకి దిగింది. ఇశ్రాయేలు గారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. ఆ చేత్తోనే కళ్లు తుడుచుకుని, మొహం గోడవైపు తిప్పేసుకున్నారు.

జెస్సికా ఫోను దించేసింది. "అమ్మా, తాతయ్యకి నువ్వంటే భయమేస్తోంది. నేనింక తియ్యను" అంది.

వినీల కూతురి మీద విరుచుకుపడింది. నీకేం తెలుసు, పెద్దవాళ్ల పనిలో తల దూర్చకు అంటూ కాలేజీ మార్కుల దాకా వెళ్లింది. ఆ గొంతుకి వంటింట్లోంచి అత్తగారు శౌరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. భర్త మొహం చూసి, కోడలి మొహం చూసింది. ఆవిడ కోడల్ని పల్లెత్తు మాట అన్న మనిషి కాదు. చదువుకున్న కోడలు, ఇంటికి గౌరవం తెచ్చిన కోడలు అని నలుగురిలో చెప్పుకునే మనిషి.

"ఎందుకమ్మాయ్ ఆయన్నిలా ఏడిపిస్తున్నావ్? సభకి రాకపోతే వచ్చిన నష్టమేంటి?"

నష్టమేమిటో వినీల చెప్పేసింది. దాచుకోవాలని ఉన్నా నోరు ఆగలేదు. మామగారికి మాట వచ్చిందని మాస్టారికి అబద్ధం చెప్పానని, ఆయన దాన్ని ఊరంతా చెప్పుకుని మురిసిపోయారని, ఇవాళ ఆయన ఫొటో ముందు అది అబద్ధమని తేలితే తలెక్కడ పెట్టుకోవాలని ఏడుస్తూ అంది. కూతురి ఎదుట అంటున్నానన్న సిగ్గు కూడా అన్నాకే తెలిసింది.

"ఒక్కటే నయం అత్తయ్యా. ఆయన నా మాట నమ్మే పోయారు. అబద్ధమని తెలిసి పోలేదు."

శౌరమ్మ కుర్చీ పట్టుకుని నెమ్మదిగా కూర్చుంది. చాలాసేపు చీర కొంగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ పెట్టింది.

"నమ్మలేదమ్మా" అంది చివరికి. "ఆయన ఇక్కడికి వచ్చాడు."

వినీలకు ముందు అర్థం కాలేదు. శౌరమ్మ నేలకేసి చూస్తూ చెప్పింది. లడ్డూలు పంచిన తర్వాతే, మాస్టారు మంచాన పడకముందు, ఒక మధ్యాహ్నం ఆటో దిగి వచ్చారట. ఇంట్లో ఇంకెవరూ లేరు. మా వినీల మామగారి పాట వినిపోదామని వచ్చానన్నారట. ఇశ్రాయేలు గారి చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారట. కీర్తన ఒకటి మెల్లిగా పాడి ఆగితే, ఆయన మొహం పక్కకు తిప్పుకున్నారట. మాస్టారు శౌరమ్మ వైపు తిరిగి, ఈయన ఒక్కరే ఉన్నప్పుడు ఏం పాడుకునేవారమ్మా అని అడిగారట.

"మరి మీరేం చెప్పారు?"

"కీర్తనలేనండీ, ఇంకేం పాడతారు అన్నాను." శౌరమ్మ కొంగు వదిలేసింది. "నేనూ అబద్ధమే చెప్పానమ్మా. వెళ్లేటప్పుడు ఆయన గుమ్మంలో ఆగి, నేనొచ్చినట్టు అమ్మాయికి చెప్పకండి, సిగ్గుపడుతుంది అన్నాడు. దాని పద్ధతే అంత, ముందు అనేస్తుంది, తర్వాత చేస్తుంది, చేసే తీరుతుంది అని నవ్వాడు."

అంటే ఆసుపత్రి మంచం మీద సుస్మితతో ఆ మాట అన్నప్పుడు ఆయనకు అంతా తెలుసు. తెలిసీ ఆమె చెప్పింది అబద్ధం కాదన్నట్టే నలుగురికీ చెప్పారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా ఆమె పరువు కాపాడుతూ వెళ్లిపోయినందుకు వినీలకు భూమిలోకి కుంగిపోతున్నట్టు ఉంది. ఆయన పద్ధతిలో రోగికి ఎంత గడువు ఇచ్చేవారో, తనకూ అంత గడువు ఇచ్చారు. ఆ గడువులో తాను చేసింది ఏమిటంటే, ఒక ముసలాయన చెయ్యి కందిపోయేలా చరచడం.

పీట జరుపుకుని మామగారి దగ్గరికి వెళ్లి, ఆయన ఎడమ చేతి మీద తల ఆనించింది. తప్పయింది మావయ్యా అంది. ఆయన గోడవైపు నుంచి తల తిప్పలేదు, కానీ చేతిని తీసుకోనూలేదు.

కాసేపయ్యాక, మాస్టారు నేర్పిన ప్రశ్నను, ఎప్పుడో అడగవలసిన ప్రశ్నను, వినీల అత్తగారిని అడిగింది.

శౌరమ్మ మనవరాలి వైపు చూసి మొహమాటపడింది. "పాటలు కావమ్మా అవి. కేకలు. క్రేన్లు లేని రోజుల్లో బాడీని ఎత్తి లారీ మీద కూర్చోబెట్టాలంటే పదిమంది పట్టేవాళ్లు. ఈయన ముందు నిలబడి పదం అనేవాడు, మిగతావాళ్లు ఐలేసా అనేవాళ్లు. షావుకారు బొజ్జ మీద ఒకటి, పోలీసోడి టోపీ మీద ఒకటి, నోటికొచ్చిందల్లా కట్టేవాడు. కొన్ని చెప్పుకునేవి కూడా కావు. ఆటోనగర్లో ఈయన కేకంటే పక్క షెడ్లవాళ్లు పని ఆపి వినేవాళ్లు."

"మరి ఎందుకు మానేశారు నానమ్మా?" అంది జెస్సికా.

"నేనే మాన్పించాను. పెళ్లయిన కొత్తల్లో క్యారేజీ పట్టుకెళ్లాను. అందరి ముందూ నా మీద పదం కట్టాడు. ఒకటే నవ్వులు. సిగ్గుతో చచ్చిపోయి ఇంటికొచ్చి, బైబిలు మీద చెయ్యి వేయించి ఒట్టేయించుకున్నాను. ఆ తర్వాత సంఘ పెద్ద అయ్యాడు. అలాంటి మనిషి ఇలాంటివి పాడేవాడని ఆ పెద్దాయనతో ఎలా చెప్పేది? నీతోనే చెప్పలేకపోయాను."

వినీల ఆ పదం అనమంది. శౌరమ్మ వద్దంది. తర్వాత భర్త మొహం చూసింది. ఇశ్రాయేలు గారు గోడను వదిలేసి ఆవిడనే చూస్తున్నారు.

శౌరమ్మ గొంతు సవరించుకుంది. పాటలు పాడే గొంతు కాదది.

"షెడ్డు కాడికి ఎవరో చూడు."

"ఐలేసా" అన్నారు వినీల, జెస్సికా ఒకేసారి.

ఇశ్రాయేలు గారి ఎడమ చెయ్యి పైకి లేచింది. ఇద్దరూ హడలిపోయి ఆగారు. ఆయన తల అడ్డంగా ఆడించి, చెయ్యి అలాగే కొంతసేపు గాల్లో పట్టి, అప్పుడు కిందికి దించారు. తొందరపడ్డారని, తాను చెయ్యి దించాకే అనాలని చెబుతున్నారు. జట్టును నడిపిన మేస్త్రి కదా. శౌరమ్మ మళ్లీ అంది. ఈసారి వాళ్లు ఆయన చేతి కోసం ఆగి ఐలేసా అన్నారు. ఆయన తల ఊపారు.

"క్యారేజీ తెచ్చిన చిన్నది చూడు."

చెయ్యి దిగింది. "ఐలేసా."

"మూతి ముడిచింది..." అని శౌరమ్మ ఆగిపోయింది. అది మాస్టారి పద్ధతి తెలిసి ఆగడం కాదు. ఏడుపు అడ్డం వచ్చి ఆగింది.

వినీల నోటి దాకా వచ్చిన మాటను ఆపుకుంది. ఈసారి తొందరపడలేదు. ఇశ్రాయేలు గారి మెడ నరాలు బిగిశాయి. పెదవులు ఒక పక్కకు లాగుతున్నాయి. ఆ ప్రయాస చూడలేక జెస్సికా తల్లి భుజం గట్టిగా పట్టుకుంది. ఎవరూ అందించలేదు. ఎవరూ కదలలేదు.

"చూ... డు" అన్నారాయన.

సరిగ్గా రాలేదు, సగం గాలే. అయినా శౌరమ్మకు తెలిసింది. ఆవిడ లేచి వెళ్లి భర్త తలను పొట్టకు అదుముకుని, ఎన్నేళ్లుగానో బిగపట్టుకున్నదంతా ఏడ్చేసింది. నన్ను క్షమించు, నీ ఒట్టు తీసేశాను, ఎన్ని కావాలంటే అన్ని కట్టుకో నా మీద అంది. ఆయన కళ్లతో నవ్వారు.

వినీలకు ఏడుపు రాలేదు. ఈ ఒక్క మాట వినడానికి ఆటో ఎక్కి వచ్చిన మనిషి, వినకుండానే తిరిగి వెళ్లాడన్న సంగతే ఆమెను కాల్చేస్తోంది.

సుస్మిత మళ్లీ ఫోను చేసింది. మావయ్యగారికి ముందు వరసలో కుర్చీ వేయిస్తున్నానని చెప్పింది.

"ఆయన రారమ్మా" అంది వినీల. "ఆయన్ను చూపించడానికి తీసుకురాను. మాస్టారితో నేను చెప్పింది అబద్ధం. ఆయనకది తెలుసు. నేను వచ్చి ఆ మాట మైకులోనే చెబుతాను." అవతల సుస్మిత ఏదో అంటుంటే, వచ్చాక మాట్లాడదామని ఫోను పెట్టేసింది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

నాలుగింటికి జాన్ పాల్ కారు తెచ్చాడు. తాతయ్య దగ్గర తానుంటానని జెస్సికా చెప్పింది. వినీల చెప్పులు వేసుకుంటుంటే లోపలి నుంచి శౌరమ్మ వచ్చింది, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని.

"మీరెక్కడికి అత్తయ్యా?"

"నీతోనే. ఆ పెద్దాయన నన్నొక మాట అడిగాడు కదా. అంత దూరం వచ్చి అడిగితే దాచాను." శౌరమ్మ పైట సర్దుకుంది. "మైకు నాకు కూడా ఇమ్మని చెప్పు. నలుగురూ నవ్వితే నవ్వనీ. ఆయన అడిగిన పాట ఇదేనని చెప్పి వస్తాను."