ఒకే పెట్టెలో ఇద్దరు సాక్షులు

ఎర్ర సిలిండర్ మీద రక్తం కనపడదనుకున్నాడేమో చంపినవాడు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ అడుగున వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

సర్వర్ రూమ్ నేల మీద నెట్‌వర్క్ ఇంజినీర్ బోర్లా పడి ఉన్నాడు. పుర్రె వెనకభాగం లోపలికి దిగిపోయింది. కుడిచేతి వేళ్ళు మూడు విరిగాయి. మొదటి దెబ్బకి ప్రాణం పోలేదు పాపం, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

శవాన్ని మొదట చూసింది ఐటీ మేనేజర్. టైమ్ 11:05.

లేడీ ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి 11:30. ఆ కాస్తలోనే కానిస్టేబుల్ కేసు తేల్చేశాడు. కారిడార్‌లో ఒకతన్ని జుట్టు పట్టుకుని గోడకేసి కొడుతున్నాడు.

"ఆపు! ఎవరితను?"

"చచ్చినాయన బావమరిది, మేడమ్. ఇక్కడే టెక్నీషియన్. నిన్న క్యాంటీన్‌లో బావ అంతు చూస్తానన్నాడట. అందరూ విన్నారు."

కబురంది పరుగున వచ్చిన ఇంజినీర్ భార్య బెంచీ మీద కూర్చుని ఉంది. తమ్ముడి పెదవి చిట్లి రక్తం కారుతుంటే కళ్ళార్పకుండా చూస్తోంది.

"నా మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నావు కదరా!"

పొద్దుటిదాకా ఆమెకి ఇద్దరు మనుషులున్నారు. ఒకడు పోయాడు. రెండోవాడు ఉరికంబం దారి పట్టేలా ఉన్నాడు.

మేనేజర్ తలుపు కార్డుల ప్రింటౌట్ తెచ్చాడు. చొక్కా నలగలేదు, గొంతు వణకలేదు.

"8:31 ఇంజినీర్. 8:52 ఈ టెక్నీషియన్. తర్వాత 11:05కి నేను. మధ్యలో చీమ కూడా దూరలేదు మేడమ్."

"రికార్డు మార్చొచ్చా?"

"ఛాన్సే లేదు. మాకు డొమైన్ కంట్రోలర్లు రెండు. తలుపు తెరవాలన్నా, కంప్యూటర్‌లోకి వెళ్ళాలన్నా అవి ఒప్పుకోవాలి. రెండూ విడివిడి సర్వర్ల మీద ఉన్నాయి. ఒకదాన్ని కెలికితే రెండోది పట్టిస్తుంది."

సర్వర్ రూమ్ ర్యాక్‌లో సర్వర్లు రెండున్నాయి. ఇన్‌స్పెక్టర్ రెండింటి మీదా చెయ్యి ఆనించి చూసింది. ఒకటి వేడిగా ఉంది. రెండోది చల్లగా ఉంది. దాని వెనక కరెంటు వైరే లేదు.

ఆమె బయటికి నడిచింది.

ముందు హాల్లో రిసెప్షనిస్ట్ కళ్ళు తుడుచుకుంటూనే కీబోర్డ్ మీద విసుక్కుంటోంది.

"ఇంత ఘోరంలో నా గోల ఎవరికి పడుతుంది! తొమ్మిదిన్నరకి పాస్‌వర్డ్ మార్చుకున్నాను మేడమ్. పదకొండింటికి అది తీసుకోనంది. పాతది కొడితే తెరుచుకుంది!"

వెనకే వచ్చిన మేనేజర్ నవ్వేశాడు. "ఈవిడకి మతిమరుపు. వారానికోసారి ఇదే భాగోతం."

ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వలేదు. టెక్నీషియన్‌ని పక్కగదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది.

"మార్చేసిన పాస్‌వర్డ్ మళ్ళీ ఎలా పనిచేస్తుంది?"

"స్నాప్‌షాట్..." అతను మూతి తుడుచుకున్నాడు. "కంట్రోలర్లు అసలు మెషీన్లు కావు మేడమ్. వర్చువల్‌వి. రెండూ కరెంటున్న ఆ ఒక్క సర్వర్ లోపలే నడుస్తాయి. బావ రోజూ తొమ్మిదింటికి వాటి కాపీ తీసిపెడతాడు. ఆ కాపీని మళ్ళీ ఎక్కిస్తే, తొమ్మిది తర్వాత జరిగిందంతా మాయం."

"తలుపు రికార్డు?"

అతను గ్లాసు కింద పెట్టేశాడు. "అదీ వాటిలోనే ఉంటుంది. అదీ పోతుంది."

"నువ్వు ఎక్కించగలవా?"

"సర్వర్ పాస్‌వర్డ్ బావకీ మేనేజర్‌కీ తప్ప ఎవరికీ లేదు. నాకూ ఇమ్మన్నాను. బావ ఇవ్వనన్నాడు. నిన్నటి గొడవ దాని గురించే."

మధ్యాహ్నం 2:10. మీటింగ్ హాల్లో అందరూ కూర్చున్నారు. పోలీసుల కంప్యూటర్ నిపుణుడు ఒక కాగితం ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు.

"రిసెప్షనిస్ట్‌కి మతిమరుపు లేదు. మతి పోయింది కంట్రోలర్లకి," అంది ఆమె. "మేనేజర్ గారూ, రెండో సర్వర్ నెలనుంచీ నడుస్తోందని మీరు సంతకం పెట్టారు. అది ఉత్త డబ్బా. మధ్యాహ్నం డైరెక్టర్‌తో చెప్పేస్తానని మీకు మెసేజ్ పెట్టాడు ఇంజినీర్. అవునా?"

"అబద్ధం! వాడే బావ పాస్‌వర్డ్ కొట్టేసి ఉంటాడు!"

"కంట్రోలర్లని వెనక్కి తిప్పారు. వాటిని మోస్తున్న సర్వర్ సంగతి మర్చిపోయారు. దాని చిట్టా దానికుంది. 10:47కి రెండు కంట్రోలర్లనీ తొమ్మిదింటికి మళ్ళించి, మీరు లోపలికెళ్ళిన రికార్డు చెరిపేశారు. లాగిన్ మీదే. రెండోది నిజంగా వేరే మెషీన్ మీద ఉంటే ఒకేసారి రెండు నోళ్ళూ మూయగలిగేవారా?"

మేనేజర్ ఒక్క ఉదుటున లేచాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి టెక్నీషియన్ మెడ మీదికి దూకాడు. కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు. అరచేతిలోంచి మొన అవతలికి పొడుచుకొచ్చింది. ఇన్‌స్పెక్టర్ లాఠీ మేనేజర్ మోచేతి మీద రెండుసార్లు పడింది. ఎముక విరిగిన చప్పుడు హాలంతా వినిపించింది. మొహం టేబుల్‌కి గుద్దుకుని ముందుపళ్ళు రెండు ఊడిపడ్డాయి.

"నోరు మూసుకోమని బతిమాలాను!" రక్తం ఉమ్ముతూ అరిచాడు. "నా ఉద్యోగం పోయేది!"

"అతని ప్రాణం పోయింది," అంది ఇన్‌స్పెక్టర్. సంకెళ్ళు బిగించింది.

హాలు ఖాళీ అయింది. అక్కా తమ్ముడూ మిగిలారు.

"నిజంగా నేనే అనుకున్నావా అక్కా?"

ఆమె తల దించుకోలేదు. "అనుకున్నానురా."

అంత బాధ అతనికి పొద్దున్న గోడకేసి కొట్టినప్పుడు కూడా కలగలేదు.

ఇన్‌స్పెక్టర్ తలుపు దగ్గరికొచ్చింది. "సాయంత్రం శవాన్ని అప్పగిస్తాం. సంతకం పెట్టడానికి ఎవరొస్తారు?"

అక్క తమ్ముడి వైపు చూసింది. అతను లేచి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఇద్దరం వస్తాం మేడమ్."