విత్తనాల సంచి, స్పానిష్ క్లాసు

నిన్న సాయంత్రం విత్తనం వేయడానికి సరిపడా పదును వాన పడింది. పుల్లన్నకు ఇక కాలు నిలవలేదు. తెల్లారేసరికి ఎద్దులకు మేత వేసి, విత్తే గొర్రు సరిచేసుకుని, విత్తనాల గోతాలు బండికెత్తాడు. గుట్ట పక్కనున్న చిన్న చేని చెక్కకని విడిగా పెట్టిన గుడ్డసంచి మాత్రం కనబడలేదు.

మరలో వేస్తే గింజ పగిలి మొలవదని ఆయన భార్య పెద్దక్క వారం రోజులు చేత్తోనే చెనిక్కాయలు ఒలిచింది. నిండు గింజలు ఒక సంచిలో, ముడుచుకుపోయిన నొక్కులూ ముక్కలూ చట్నీకని ఇంకో సంచిలో పోసింది. ఇప్పుడు మూలన చట్నీ సంచి ఒక్కటే ఉంది.

"పాప తీసకపోయినట్లుండాది," అంది పెద్దక్క నెమ్మదిగా. "ఆటకు గింజలు కావాలనింది. చట్నీవి తీసుకోమంటి."

"ఏం ఆటలప్పా అవి? బి.ఇడి. చదివిస్తాండేది పిల్లోళ్లతో ఆడుకునేదానికా?"

"విత్తనాలకు ఇంకా పురుగుమందు కలపలేదులే, అంతవరకు నయం."

నయం అన్న మాట పుల్లన్నకు అసలు రుచించలేదు. మోపెడ్ తీశాడు.

పాప అంటే ఎస్తేరు, వాళ్లకు ఒక్కగానొక్క కూతురు. పెద్దక్క పుట్టపర్తి లాడ్జిలో వంట చేసిన రోజుల్లో, ఏటా వచ్చే అర్జెంటీనా ముసలమ్మ వెంట తిరుగుతూ చిన్నప్పుడే స్పానిష్ పట్టేసింది. విదేశీయులు మసిలే ఊరు కాబట్టి అక్కడొక బడిలో ఆ భాష కూడా చెబుతారు. ఆ బడిలోనే ఇప్పుడు ఆమె ప్రాక్టీసు టీచరు. మార్కులు వేయడానికి బి.ఇడి. కాలేజీ నుంచి భద్రమ్మ మేడమ్ ఈరోజే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది.

పిల్లలు గుండ్రంగా కూర్చుని గింజలు చేతులు మారుస్తున్నారు. ఇచ్చేవాళ్లు "యో దోయ్" అనాలి, అంటే నేను ఇస్తాను అని. పుచ్చుకున్నవాళ్లు "గ్రాసియాస్" అనాలి. తప్పు లేకుండా చెబితే గింజ వాళ్లదే. చాలామంది బుగ్గలు అప్పటికే ఆడుతున్నాయి.

"ఎస్తేరూ, ఆ సంచి ఇట్లియ్యి," అన్నాడు పుల్లన్న గుమ్మంలో నిలబడి. "పదును ఆరిపోతాండాది."

ఆమె సంచిలోకి చూసుకుంది. అన్నీ ఎర్రటి నిండు గింజలే.

"చట్నీవి అనుకుంటి నాయనా."

"అనుకుంటావు. ఒలిచి ఒలిచి మీయమ్మ గోర్లు వాచిపోయినాయి. పక్కనే కూర్చోని చదువుకుంటాంటివి గదా, యా సంచి యేదో తెలీలేదా నీకు?"

నిజమే, తెలియలేదు. వారం రోజులుగా తల్లి చేతులవైపు ఒక్కసారి కూడా చూడలేదు. మేడమ్ కలం ఆగిపోయింది. మార్కుల సంగతి ఎస్తేరుకు గుర్తే లేదు. కళ్లనీళ్లు ఆగలేదు.

"పిల్లలూ, ఇవి మా చేనులో వేసే విత్తనాలు. తప్పు నాది. మిగిలినవి ఇచ్చేయండి."

ముందు పద్మప్రియ లేచింది. పుల్లన్న పట్టుకున్న సంచిలో మూడు గింజలు వేసి, "యో దోయ్," అంది. ఆయన పక్క పిల్లాడివైపు తిరగబోతే అడ్డం నిలబడింది.

"తీసుకున్నోళ్లు గ్రాసియాస్ అనాల తాతా. అనకపోతే ఆట చెల్లదు."

పుల్లన్న కూతురివైపు చూశాడు, మేడమ్ వైపు చూశాడు. "గ్రా... గ్రాసియాస్," అన్నాడు.

తిప్పేష్ జేబు దులిపాడు. "యో దోయ్." మళ్లీ గ్రాసియాస్. అట్లా ముప్పై మందికీ చెప్పాల్సి వచ్చింది. పదోవాడి దగ్గరికొచ్చేసరికి ఆయన కోపం ఎటుపోయిందో పోయింది. చివరి పిల్ల గొణిగితే, "గట్టిగా చెప్పుమ్మా," అని ఆయనే సరిచేశాడు.

"పాఠం బాగుంది ఎస్తేరు," అంది భద్రమ్మ నవ్వాపుకుంటూ. "ఈసారి చింతగింజలు తెచ్చుకో."

మధ్యాహ్నం బడి వదలగానే ఎస్తేరు నేరుగా చేనికి వెళ్లింది. పెద్దక్క గొర్రు వెంట నడుస్తూ గింజలు వేస్తోంది. ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుని వేళ్లు చూసింది. గోళ్ల చివర్లు కమిలిపోయి ఉన్నాయి.

"నేనేస్తా. నువ్వు గట్టున కూర్చోమ్మా."

"నీకు రాదులే పాపా."

"నేర్పియ్యి."

సాయంత్రానికి గుట్ట పక్క రెండు సాళ్లకు గింజలు చాల్లేదు. ఎస్తేరు తలెత్తలేకపోయింది.

"పోనీలేమ్మా, పిల్లోళ్లు తినిరి," అన్నాడు పుల్లన్న. కాసేపు ఎద్దులను నిలిపి అడిగాడు. "నేను ఇస్తా అంటే దోయ్. మనం ఇస్తాం అనేదానికి ఏమంటారు?"

"దామోస్, నాయనా."

పుల్లన్న ఖాళీ సాళ్లవైపు చూసి, "ఈ రెండు సాళ్లూ పిల్లోళ్లకు దామోస్," అన్నాడు.