నేర్పని వరాళి

స్వరగిరిలో దండోరా వేసేవాడికి జలుబు చేసింది. "వరాళి రాగం పాడినవారికి అర్ధరాజ్యం!" అని వాడు చాటితే, జనానికి "రోగం" అని వినబడింది. తెల్లవారేసరికి కోట ముందు కషాయాలతో వైద్యులు బారులు తీరారు. "రోగం కాదయ్యా, రాగం!" అని రాజుగారు నెత్తి కొట్టుకున్నారు.

అసలు సంగతేమిటంటే, నల్లకొండ యక్షుడు రాజ్యంలోని లాలిపాటలన్నీ మింగేశాడు. పిల్లలకు నిద్ర లేదు, పెద్దలకు బుద్ధి లేదు. ఎవరూ పాడని తీరులో వరాళి వినిపిస్తే పాటలు తిరిగి ఇస్తాడట, లేదంటే శిలే! ఆస్థాన గాయకుడు సోమయార్యుడు వెళ్లి, తన గురువు చెప్పిన పాఠం పొల్లుపోకుండా పాడాడు. రాగమని వెళ్లి రాయయ్యాడు.

ఆయన పెంచిన అనాథ కువలయ. వెనుక కూర్చుని తంబురా మీటే పిల్ల. వరాళిని శిష్యులకు నేర్పితే గురుశిష్యులకు ఎడబాటు తప్పదని పెద్దల మాట. అందుకే ఆయన తలుపు మూసుకుని పాడుకునేవాడు. పెరట్లో బియ్యం చెరుగుతూ ఆమె వినేది. గురువును విడిపించుకోవాలని కొండదారి పట్టింది.

అడవిలో ఓ ఎలుగుబంటి ఎలుగెత్తింది. "నేనొక స్వరం పట్టుకుంటా. అదే పాడావా, తింటా. పొసగనిది పాడావా, నమిలి తింటా!"

అది మంద్రంగా షడ్జం పట్టింది. కువలయ దానిపై పంచమం నిలిపింది. స్వరాలు వేరు, కాపురం ఒకటి! ఆ హాయికి ఎలుగు కళ్లు మూసుకుని దారి వదిలింది.

గుహలో యక్షుడు అడిగాడు: "ఏమే పిల్లా, ఎవరి పాఠం?"

"ఎవరూ చెప్పలేదు స్వామీ. తలుపు చాటున విన్నాను. నడక తెలుసు, దారి తెలియదు."

దిగులు నిండిన గాంధారాన్ని తడుముతూ పైకెక్కింది. పై షడ్జానికి ఒక్క మెట్టు కింద, నిషాదం దగ్గర, గొంతు జీరబోయింది. పాదాలు రాయి కాసాగాయి.

కువలయ ఆగలేదు. మళ్లీ అక్కడికే వెళ్లింది. ఆ జీరను అలాగే పలికించి, కాసేపు నిలిచి, మెల్లగా కిందికి మళ్లింది.

"అది ఆగే చోటు కాదే!"

"మొదటిసారి జారాను స్వామీ. రెండోసారి దిగుతున్నాను."

ఆ దిగుడు ఏ గురువూ పాడనిది. యక్షుడి కంట నీరు తిరిగింది. శిలలు పగిలాయి, లాలిపాటలు పిట్టల్లా ఊళ్లవైపు ఎగిరిపోయాయి.

సోమయార్యుడు ఒళ్లు దులుపుకుని లేచాడు. "నీకు వరాళి ఎవరు నేర్పారే?"

"మీరు నేర్పలేదు కదండీ, అందుకే వచ్చింది."

"నేర్పలేదు గనుక ఎడబాటూ లేదు. పద తల్లీ, ఇంటికి!"

అర్ధరాజ్యానికి రాణి అయ్యాక కువలయ వేసిన మొదటి శాసనం ఇది: పిల్లలకు చెప్పే ప్రతి పాటలోనూ ఒక చరణం ఖాళీగా వదలాలి. దాన్ని పాడుకోవలసింది పిల్లలే.