ఇగో అని పిలిచే దేవిడి

పట్నం పాతబస్తీ, హుస్సేనీ ఆలంల ఒక పడావుపడ్డ దేవిడి ఉండె. నవాబుల కాలం ఇల్లు. మనుషులు లేరు, గబ్బిలాలే కిరాయిదార్లు! కోడి కూయకముందు దాని ముంగటికెల్లి పోతే లోపల ఆడగొంతు... "ఇగో... ఇంటున్నవా..." అని పిలుస్తదట. మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు పెట్టి పిలువరు గద, "ఇగో" అనే పిలుస్తరు. అందుకే విన్న ప్రతోడు నన్నే అనుకొని చెప్పులిడిచి ఉరికేటోడు. ఆగి చూసినోడు లేడు.

డెబ్బై నాలుగుల సంగతి. కాజీపేట రైల్వే షెడ్డుల చేసే సీమోను సైకిల్ మీద కన్యాకుమారికి బయలెల్లిండు. లాడ్జి లేదు, ముందుగాల చెప్పిపెట్టుకున్న జాగ లేదు. పొద్దుగూకిన కాడ తాటిపత్రి పరిచి పండుడే. అసలైతే ఇద్దరు పోవాల్నని ముచ్చట. "నువ్వు తొక్కు, నేను ఎనుక కూసొని దేశం చూస్త" అని పెండ్లాం పుష్పమ్మ మస్తు నవ్వేది. చలికాలం జరమొచ్చి పాణమిడిసింది. ఆఖరికి "ఇగో" అన్నదట. వినేందుకు సీమోను ఇంట్ల లేడు... డ్యూటీల ఉన్నడు.

పట్నం చేరి అఫ్జల్‌గంజ్ హోటల్ల చాయ్ తాగుతుంటే పక్క బల్ల మీది బీరయ్య చెప్పిండు.

"యాడన్న పండు భాయ్, గా హుస్సేనీ ఆలం దేవిడి దిక్కు పోకు. 'ఇగో' అంటది. పలికినవో... ఖేల్ ఖతం!"

సీమోను చాయ్ కింద పెట్టిండు.

"గట్లనే అంటదా అన్నా?"

"అరె, నీకు భయం లేదా ఏంది?"

"దారి చెప్పన్నా."

దేవిడి వసారాల పండిండు. నిద్ర యాడిది... గాలి లేదు. గబ్బిలాలు సుత సప్పుడు చేస్తలేవు.

తెల్లారగట్ల —

"ఇగో..."

సీమోను దిగ్గున లేసి కూసున్నడు.

"ఇగో... ఇంటున్నవా..."

"వచ్చిన పుష్పా!" చీకట్లకు ఉరికిండు. "ఈడనే ఉన్న... ఎటున్నవే?"

ఒక అర్ర... ఇంకో అర్ర... ఆఖరు అర్రల గోడ కూలి ఉంది. ఆవల — కందిలి వెలుతురు. బర్రెల కొట్టం! పాలమ్ముకునే దుర్గయ్య గొంగడిల మూటోలె పండిండు. పెండ్లాం చంద్రమ్మ చెంబు పట్టుకొని నిలవడ్డది.

"ఇగో! బర్రె చేపుతున్నది. లేస్తవా, నీళ్లు గుమ్మరియ్యాల్నా?"

"వస్తున్ననే... దయ్యమోలె ఒర్లకు."

గంతే! ఆ గొంతే ఖాళీ అర్రలల్ల మోగి ఇవతలి గల్లీల వినపడేది. ఇన్నేండ్ల దయ్యం — ఒక పాలామె!

నవ్వాలె గద... సీమోను నవ్వలే. కూలిన గోడ మీద కూసొని ఏడ్చిండు — దయ్యం లేదని.

"ఎవరయ్యా నువ్వు? ఏమాయె?" చంద్రమ్మ దగ్గరికొచ్చింది.

పుష్పమ్మ సంగతంత చెప్పిండు. చెప్పి, తల వంచుకొని... "అక్కా... ఒక్కసారి... గట్లనే పిలుస్తవా?"

చంద్రమ్మ మొగని దిక్కు చూసింది. కట్టుకున్నోడు ముంగట ఉండంగ పరాయి మొగోణ్ని గట్ల పిలుసుడా?

దుర్గయ్య గొంగడి తీసి, మొఖం బర్రె దిక్కు తిప్పుకున్నడు.

"పిలువే," అన్నడు మెల్లగ.

ఆమె కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది.

"ఇగో... ఇంటున్నవా..."

ఈసారి ఇద్దరు మొగోళ్లల్ల ఎవ్వరు పలుకలే.