వంకర స్క్రూ

షెడ్డులో కారు కింద నుంచి రెండు కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. పక్కన జాకీ ఒరిగి పడి ఉంది. ఎడమ చెప్పుకి తెగిన పట్టీ రాగి తీగతో బిగించి ఉంది. అది చూశాక ఆ శవం ఎవరిదో ఏజెంటుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అతని అన్న.

"జాకీ జారింది. అజాగ్రత్త," అన్నాడు చీఫ్, కళ్లజోడు తుడుచుకుంటూ. "ప్రెస్‌కీ అదే చెప్పాం."

"అజాగ్రత్తా? మా అన్నకా?"

డిపార్ట్‌మెంటులో ఈ ఏజెంటు కోడ్‌నేమ్ మిరప. ఎందుకు పెట్టారో ఆ క్షణంలో అతని మొహం చూసినవాళ్లకి తెలిసిపోతుంది.

గుమ్మంలో నిలబడ్డ వదిన ఏడవడం లేదు. పళ్లు బిగించి ఉంది. ఆ షెడ్డుకొచ్చే బళ్ల సీట్లన్నీ కుట్టేది ఆవిడే.

"జాకీకి తోడు స్టాండ్లు పెట్టకుండా మీ అన్న బండి కిందికి దూరగా నువ్వెప్పుడైనా చూశావా? మనిషిని చంపింది చాలక, పని రానివాడని పేరు కూడా పెడతారా? నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఆ మాట వాళ్లు వెనక్కి తీసుకోవాలి."

"తీసుకుంటారు వదినా. తీసుకోకపోతే చూడు."

చీఫ్ అతన్ని జీపెక్కించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. శాంతి ఒప్పందం మీద సంతకానికి పొరుగుదేశం అధ్యక్షుడొచ్చాడు. ఇవాళ మన ప్రధానితో కలిసి పాత నల్ల కారులో ఊరేగింపు. ఆ కారుని పేల్చెయ్యాలని ఒక విదేశీ ముఠా కంకణం కట్టుకుంది. ముఠాలోకి మనం దూర్చిన మనిషి, కోడ్‌నేమ్ నెమలి, ఆ కబురు చేరవేసింది.

ఆ కారుని తయారుచేసింది అన్నే. పైకి తాతలనాటి బండి. అదే బానెట్, అదే చెక్క డాష్‌బోర్డు, అవే క్రోమ్ మూతలు. లోపల కొత్త ఇంజన్. చక్రాల మూతల వెనక డిస్క్ బ్రేకులు. పాత ఫ్రేముల్లోనే బుల్లెట్‌ప్రూఫ్ అద్దాలు. సిగరెట్ లైటర్ నొక్కితే తలుపులన్నీ బిగుసుకునే లాక్. బాంబు దాచేవాడికి ఇంతకంటే మంచి బండి దొరుకుతుందా?

"స్కాన్ చేశారా?"

"చేశాం. దాన్నిండా దాచిన వైర్లే. స్కానర్ పెట్టినచోటల్లా మోగుతోంది. ఏది మనదో, ఏది కాదో..."

"చెప్పగల మనిషి ఒక్కడే. ఇవాళ ఆఖరి చెకింగ్‌కి రావాల్సినవాడు పొద్దున్నే చచ్చిపోతే, మీరు దాన్ని అజాగ్రత్త అంటారు! సిగ్గుండాలి సార్."

చీఫ్ కిటికీ బయటికి చూశాడు. ఒళ్లు మండిపోయింది మిరపకి.

గెస్ట్‌హౌస్ పోర్టికోలో నల్ల కారు నిగనిగలాడుతోంది. మిరప డ్రైవర్ యూనిఫాంలో, తెల్లటోపీతో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. దొంగ మీసం గమ్ము దురద పెడుతోంది. దుబాసీ వేషంలో నెమలి ముందు సీట్లోకొచ్చి కూర్చుంది. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, గుప్పున సెంటు.

"ఈ బండి దేనితో నడుస్తుంది?" అందామె.

"పొగడ్తలతో."

కోడ్ కుదిరింది. నెమలి గొంతు తగ్గించింది. "మీ అన్నగారి సంగతి విన్నాను. పాపం! నిన్న ఈ రేడియో బిగిస్తుంటే ఇక్కడే కూర్చుని చూశాను. చివరి స్క్రూ దాకా ఆయనే బిగించారు. బంగారంలాంటి చేతులు."

మిరప రేడియో వైపు చూశాడు.

అన్నకి ఒక పిచ్చి. బిగించిన ప్రతి స్క్రూ తల మీద గాడి నిలువుగా ఉండాలి. కంటికి కనిపించేదైనా, సీటు కింద దాక్కునేదైనా సరే. చిన్నప్పుడు ఒక్క గాడి వంకరగా వదిలితే చాలు, తమ్ముడి నెత్తిన మొట్టికాయ పడేది. ఈ డాష్‌బోర్డు మీదా స్క్రూలన్నీ నిటారుగా ఉన్నాయి, రేడియో చుట్టూ ఉన్నవి తప్ప. అక్కడ ఒకటి వాలింది, ఇంకొకటి అడ్డంగా పడుకుంది.

చెవిలో చీఫ్ గొంతు: "వాళ్లు మెట్ల మీదకొచ్చారు. రెడీ!"

"అయ్యో, హ్యాండ్‌బ్యాగ్ లోపల మర్చిపోయాను," నెమలి తలుపు మీద చెయ్యి వేసింది. "ఒక్క నిమిషం."

మిరప సిగరెట్ లైటర్ నొక్కాడు. టక్! తలుపులన్నీ బిగుసుకున్నాయి.

"ఏమిటిది? తియ్!"

"బాంబు దేనికి తగిలించావు? చెప్పు."

"నీకు మతిపోయిందా?"

"పోయింది. మా అన్న కాళ్లు చూసినప్పుడే పోయింది." లైట్ల స్విచ్ మీద వేలు పెట్టి ఆమె మొహం చూశాడు. ఆమె కదల్లేదు. వైపర్ల స్విచ్ మీద పెట్టాడు. పెదవి విరిచింది.

"మిరపా, ఆలస్యమేమిటి?" చెవిలో చీఫ్ అరుస్తున్నాడు. "ప్రెస్ వాళ్లు వినాలంటున్నారు, ఆ పాత హారన్ ఒక్కసారి కొట్టు!"

మిరప అరచెయ్యి హారన్ మీదికి వెళ్లింది. నెమలి మొహంలో రక్తం ఇంకిపోయింది.

"వద్దు! హారన్ వద్దు! పేలిపోతుంది!"

చెయ్యి అక్కడే ఆగింది. ఒక్క నొక్కు నొక్కితే అన్న పగ తీరిపోతుంది. కానీ మెట్ల మీద ఇద్దరు పెద్దమనుషులు చేతులూపుతున్నారు. వాళ్ల వెనక జనం.

"చీఫ్, వాళ్లని లోపలికి పంపించండి. అందర్నీ. వెంటనే!" అని, షెడ్డులో జేబులో వేసుకున్న అన్న స్క్రూడ్రైవర్ తీసి రేడియో ఊడదీశాడు. వెనక ఇటుకంత పొట్లం. "ఏ వైరు? అబద్ధం చెప్తే ఇద్దరం కలిసే పోతాం."

"నీలం... నీలమే! నన్నేం చెయ్యొద్దు. వాడు పొద్దున్న వస్తే చూడగానే పసిగట్టేస్తాడని మావాళ్లే..."

"వాడు కాదు. ఆయన."

"ఆయన," అంది నెమలి ఏడుస్తూ.

నీలం వైరు తెగింది. ఏమీ పేలలేదు, మిరప కోపం తప్ప. గార్డులు వచ్చి లాక్కుపోయేదాకా నెమలి ఆ తిట్లన్నీ వింటూ కూర్చుంది.

సాయంత్రం ఆఫీసు వరండాలో వదిన కూర్చుని ఉంది. గదిలో చీఫ్ అభినందనలు మొదలుపెట్టబోతే మిరప ఆపేశాడు. "నాకొద్దు. ఆ మాటేదో ఆవిడకి చెప్పండి."

చీఫ్ బయటికొచ్చి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, తొందరపడ్డాం. మీ ఆయన తప్పేమీ లేదు. ఆయన పనితనమే అందర్నీ కాపాడింది. ప్రెస్‌కి కూడా చెప్పేశాం."

వదిన మొహం చీరచెంగుతో తుడుచుకుంది. పొద్దుటి నుంచీ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. కాసేపటికి తలెత్తి, చీఫ్ తలుపు మీదున్న పేరుపలక వైపు చూసింది.

"ఆ స్క్రూలు ఎవరు బిగించారండీ?"

"మా ఆఫీసువాళ్లే. ఏమ్మా?"

మిరప జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. "అన్నీ వంకరే సార్. మా అన్న ఉండుంటే ముందు మిమ్మల్నే లోపలేయించేవాడు."