రెండో ట్యాంకు

ఎటెవాటి ఇచ్చిన మాట నిలబెట్టుకుని ఉంటే, ఫాలానికో ఈ చామ తోటలో ఇలా పరుగెత్తాల్సిన పని లేదు.

పరుగెత్తుతున్నాడు.

ఊపిరి అందడం లేదు. యాభై రెండేళ్ళ ఒళ్ళు. చంకలో చుట్టిన చాప. వెనక కుక్కలు... కుక్కల వెనక ఇద్దరు మనుషులు. చేతుల్లో పొడుగు కత్తులు.

ఇంకా తెల్లవారలేదు.

"వాగు వైపు పోయుంటాడు. అటు కాయి."

వాగు వైపు కాదు. ఫాలానికో పారిపోవడం లేదు. వాళ్ళ ఇంటికే పోతున్నాడు. ఎటెవాటి ఇంటికే!

పొద్దు పొడిచేలోపు ఆ ఇంటి ముందు మోకరిల్లాలి. తల మీదుగా చాప కప్పుకోవాలి. ఇఫోగా. సమోవాలో తప్పు చేసినవాడికి తాతల నాటి నుంచీ మిగిలిన దారి అదొక్కటే. చాప కింద ఉన్నవాణ్ణి ముట్టుకుంటే ఊరు ఊరుకోదు. ఆ చాపని ఆ ఇంటివాళ్ళే తియ్యాలి. తీస్తే క్షమించినట్టు.

అసలు అక్కడిదాకా చేరకపోతే...

వాళ్ళే వస్తారు. పెట్రోలు డబ్బాలతో. పెదనాన్న ఇల్లు, తమ్ముళ్ళ ఇళ్ళు, మొత్తం ఆరు ఇళ్ళూ తగలబెడతారు.

కుక్క లుంగీ పట్టేసింది!

ఫాలానికో బోర్లా పడ్డాడు. చాప మట్టికి తగలకుండా పైకెత్తి పట్టాడు. మోచేతులు చెక్కుకుపోయాయి. లుంగీ అంచు చిరిగి కుక్క నోట్లో మిగిలింది. లేచాడు. మళ్ళీ పరుగు.

సిగ్గు కూడా వెంటే పరుగెత్తుతోంది. అది కుక్కల కంటే దగ్గరగా ఉంది.

ఇరవై ఏళ్ళు అతనూ ఎటెవాటీ కలిసి జనరేటర్లు అద్దెకు తిప్పారు. పెళ్ళిళ్ళకి, చావులకి, చర్చి పండగలకి. ఎయిర్‌పోర్టువాళ్ళు టెండరు పిలిచారు. మెయిన్ కరెంటు చాలనప్పుడల్లా అదనపు కరెంటు ఇవ్వాలి. పదేళ్ళ కాంట్రాక్టు.

"కలిసే వేద్దాం అన్నా. స్థలం నీది, మెషీన్లు నావి" అన్నాడు ఎటెవాటి.

ఎయిర్‌పోర్టు కంచెని ఆనుకునే ఫాలానికో స్థలం. మెషీన్లు పెట్టడానికి కాంక్రీటు దిమ్మె కూడా పోయించాడు.

ఆఖరి రోజున ఎటెవాటి ఒక్కడే టెండరు వేసొచ్చాడు. కాంట్రాక్టు ఇచ్చేముందు మెషీన్లు నడిపి చూపించాలి కదా, ఆ ట్రయల్ వరకు రోడ్డు అవతల ఇరుకు జాగా ఒకటి అద్దెకు తీసుకున్నాడు. కాంట్రాక్టు చేతికొచ్చాక ఫాలానికో తన స్థలం చవగ్గా ఇవ్వక ఎక్కడికి పోతాడని వాడి ధీమా.

నిలదీస్తే నలుగురిలో నవ్వాడు.

"ఆరో క్లాసుతో ఆపేసినోడివి. టెండరు కాగితం తిరగేసి పట్టుకున్నా నీకు తెలీదు కదన్నా."

ఆ నవ్వు కడుపులో ఉండిపోయింది. అదే రోజు గడువు ముగిసేలోపు ఫాలానికో కూడా విడిగా టెండరు వేశాడు, పాత మెషీన్లతో. ఎటెవాటి ట్రయల్ పాడైతే తప్ప తనకి రాదని తెలిసే వేశాడు.

నిన్న మధ్యాహ్నం, అందరూ భోజనాలకి పోయినప్పుడు, రెండు డబ్బాల సముద్రపు నీళ్ళు ఎటెవాటి షెడ్డులోని డీజిల్ ట్యాంకుల్లో ఒకదాంట్లో పోశాడు.

ఇంజిను ఆగిపోతుందనుకున్నాడు. అంతే అనుకున్నాడు.

సాయంత్రం ట్రయల్. ఎయిర్‌పోర్టులో మెయిన్ ఆపారు. రోడ్డు అవతల మెషీన్ మోత... దీపాలు వెలిగాయి... ఢాం! దీపాలు పోయాయి. షెడ్డులోంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఒంటి మీద చొక్కా మండుతోంది.

మలాకీ. ఎటెవాటి తమ్ముడు. మెకానిక్. ఒకరి జోలికి పోనివాడు.

ఫాలానికో ఇంటికి పరుగెత్తాడు. పెదనాన్న ఉలుగియా కాళ్ళ దగ్గర కూర్చుని అంతా చెప్పాడు. ఈలోగా షెడ్డు కాపలావాడు కూడా నోరు విప్పాడు, మధ్యాహ్నం ఫాలానికోని ట్యాంకుల దగ్గర చూశానని. రాత్రికల్లా ఎటెవాటి మనుషులు రోడ్డుకి అడ్డంగా బండరాళ్ళు పడేశారు. పెదనాన్న బండి ఆగిపోయింది.

"చాప తీసుకుని తోటలోంచి పో. ముసలాణ్ణి, నన్ను ఆపరు. నడిచొస్తా" అన్నాడు పెదనాన్న.

తోట అయిపోయింది. అదిగో ఇల్లు!

వెనక కత్తి గాలిని కోసింది. భుజం చుర్రుమంది. ఫాలానికో ఆగలేదు. వాకిట్లో కంకర మీద మోకాళ్ళతో పడ్డాడు. చాప విప్పి తల మీదుగా కప్పేసుకున్నాడు.

చీకటి.

చాపకి కొబ్బరినూనె వాసన. చుట్టూ అడుగులు ఆగాయి.

"లాగి పారెయ్యనా?"

"మతుందా నీకు? పాస్టరుగారు అరుగు మీదే ఉన్నారు."

"దొరక్కుండా దూరాడు, చూశావా."

"దూరనీ. పొద్దెక్కితే ఉడుకుతాడు."

చాలాసేపటికి కర్ర చప్పుడు. కంకర మీద మెల్లగా. చాప అంచు లేచింది. కీళ్ళు పటపటమన్నాయి.

"జరుగు."

"పెదనాన్నా, మీరెందుకు..."

"కుటుంబానికి పెద్దని నేనా, నువ్వా? జరగమన్నానా."

ఎనభై ఏళ్ళ మనిషి. ఈ ఊళ్ళో ఎవడి ముందూ తల దించని మనిషి. కంకర మీద మోకాళ్ళూని, పక్కనే ఎగరొప్పుతున్నాడు. ఇందాకటి కత్తి మెడ మీద పడినా బాగుండేదనిపించింది ఫాలానికోకి.

"ఓపిక పట్టు" గొణిగాడు పెదనాన్న. "మధ్యాహ్నం దాకా తియ్యరు. ఒక్కోసారి పొద్దుగూకే దాకా తియ్యరు. ఏమన్నా సరే నోరెత్తకు."

బండి ఆగిన చప్పుడు. ఆడమనిషి అడుగులు.

టెలేసియా. మలాకీ భార్య. ఆస్పత్రి నుంచి వచ్చింది.

"ఫాలానికో, వినపడుతోందా? మా ఆయన చేతులకి కట్లు కట్టారు. మోచేతుల దాకా. నీళ్ళు కూడా నేనే తాగించాలి."

ఫాలానికో నుదురు కంకరకి ఆనించాడు.

"నువ్వొక్కడివే కాదులే, సిగ్గుపడాల్సింది" ఆమె గొంతు ఎటెవాటి వైపు తిరిగింది. "బావగారూ, మీరూ వినండి. ఒకటో మెషీన్ వేడెక్కుతోంది, ఆపుదామని ఆయన మూడు రోజులు మొత్తుకున్నాడు. విన్నారా? నిన్న ఆ ఒక్కదాన్నే నడిపించారు. రెండోదాన్ని స్టార్టు కూడా చెయ్యలేదట. ఇందాకే చెప్పాడు, మూలుగుతూ."

ఫాలానికో కంకర మీంచి తలెత్తాడు.

పేలింది ఒకటో మెషీన్. దానికి వేరే ట్యాంకు.

అతను నీళ్ళు పోసింది, పెద్దగా 2 అని అంకె వేసి ఉన్న రెండో ట్యాంకులో!

"పెదనాన్నా... నేను పోసింది రెండోదాంట్లో. అది తిరగనే లేదు."



"పోశావా, లేదా?" అడిగాడు పెదనాన్న.

"...పోశాను."

"పాడవ్వాలనే పోశావా?"

"అవును."

"మరింకేం చెప్తావు?"

అడుగులు. గబగబా వస్తున్నాయి.

"టెలేసియా, లోపలికెళ్ళు. పిల్లలు ఏడుస్తున్నారు." ఎటెవాటి గొంతు.

చాప లేచిపోయింది!

ఎండ కళ్ళలో పొడిచింది. పొద్దు ఇంకా కొబ్బరిచెట్ల మొదళ్ళలోనే ఉంది. మధ్యాహ్నం దాకా తియ్యని చాప... ఇంత తొందరగా!

ఎటెవాటి వంగి అతన్ని వాటేసుకున్నాడు. "లే అన్నా. క్షమించాం. పాస్టరుగారూ, మీరే సాక్షి."

మెడ మీద చెయ్యి బిగిసింది. చెవిలో గుసగుస.

"రెండో ట్యాంకని నాకు రాత్రే తెలుసు. చెప్పుకో, పో. అసలు నీళ్ళెందుకు పోశావో కూడా కలిపి చెప్పు."

ఫాలానికో నోరు తెరిచాడు.

నలభై మంది చూస్తున్నారు. ఏం చెప్పాలి? నేను పాడు చేద్దామనుకున్నది ఆ మెషీన్ కాదు, పక్కదని చెప్పాలా?

నోరు మూసుకున్నాడు.

పెదనాన్న కర్ర ఊని లేచాడు. క్షమించిన ఇంటికి ఏమిస్తున్నారో చెప్పాల్సింది ఆయనే. ఎటెవాటి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏం రాబోతోందో తెలిసినవాడిలా పెదవి చివర చిన్న నవ్వు.

"ఈ చాప మీది. ఎనిమిది పందులు సాయంత్రానికి వస్తాయి" అన్నాడు పెదనాన్న. "ఎయిర్‌పోర్టు కంచె పక్కన మావాడి స్థలం కూడా ఇస్తున్నాం."

నవ్వు పెద్దదైంది.

"మలాకీకి. కాగితం టెలేసియా పేరు మీద. ఆ స్థలంలోంచి ఎవడు కరెంటు ఇవ్వాలన్నా, ఆ పిల్ల గడప తొక్కి అడగాలి."

ఎటెవాటి నవ్వు అక్కడే ఎండిపోయింది.

గుమ్మంలో టెలేసియా కదల్లేదు. ఫాలానికో ఆమె వైపు చూడలేకపోయాడు. పెదనాన్న మోకాళ్ళ మీద నెత్తురు. అటూ చూడలేకపోయాడు. ఇరవై ఏళ్ళ జనరేటర్ అద్దెలు పెట్టి కొన్న స్థలం. పెద్దాయన నోట మాట వచ్చేసింది. ఇక అతనిది కాదు.

దిమ్మెతో సహా, ఒక ఎకరం ముప్ఫై ఏడు సెంట్లు.